ఆజ్ఞయు నంతరాత్మయు

కొన్నియేండ్లక్రిందట ఉప్పాడలో నొక నేతగాని యింటికి పోయియుంటిని. అంతకుముందే బోదకాలు రాకుండ పంచెడి మాత్రలు వారి కిచ్చి పోయిరి. ఇంటియజమాని వానిని చూరులో దోపి, “నా కాళ్లు బాగానే ఉన్నాయిగా, నాకెందుకు?” అనెను. సైన్యములో పనిచేసి వచ్చిన యల్లుడు నవ్వి, “మా దండులోనైతే వరుసగా నిలబెట్టి, మింగేదాకా కదలనివ్వరు మావయ్యా!” అనెను. ఆ మాట నన్ను చిరకాలము వెంటాడినది. శుచిత్వమునకు ఆజ్ఞయే దిక్కా?

ఆ యూరికి కొన్ని కోసుల దూరముననే చందుర్తి కలదు. 1758 డిసెంబరులో అచ్చట కర్నలు ఫోర్డు, విజయనగరపు ఆనందగజపతిరాజు సాయముతో, కాన్‌ఫ్లాను నడపిన ఫ్రెంచిసేన నోడించెను. ఎవరు గెలిచిరో మన పిల్లలు చదువుదురు. ఆ సిపాయిలు ఏ గుంటనీరు త్రాగిరో, జ్వరము వచ్చినవాని నెవరు చూచిరో అడుగువారు లేరు.

అడుగవలసిన ప్రశ్న యదియే. పూర్వపు యుద్ధములలో తఱచుగా కత్తికంటె రోగమే యెక్కువమందిని చంపినది. 1853 మొదలు 1856 వఱకు జరిగిన క్రిమియా యుద్ధమున మరణించిన బ్రిటిషు సైనికులలో అత్యధికులు కలరా, విరేచనములు, జ్వరములు మున్నగువాని పాలైరి. ఫ్లారెన్సు నైటింగేలు దీపము చేతబట్టి రోగుల నడుమ తిరిగెనని చెప్పుకొందుము గాని, ఆమె చేసిన మఱియొక గొప్పపని చచ్చినవారిని లెక్కించి, కారణములను విడదీసి చూపుట. హిందూదేశములోని బ్రిటిషు సైనికులు సాలుకు వేయింటికి 69 మంది చనిపోవుచుండిరని 1863లో వెలువడిన విచారణసంఘ నివేదిక తెలిపెను. చెడునీరు, మురుగు, ఇఱుకు బారకాసులు వారికి శత్రువులు. తరువాత దండులలో నీరు, గాలి బాగుపడెను, మరణములు తగ్గెను. కాని ప్రక్కనున్న బజారు అదే వేగముతో బాగుపడలేదు. ఏల? సిపాయి యక్కఱకు వచ్చు ఆయుధము. బజారులోని కూలివాడు ఒట్టి మనుష్యుడు!

కొందఱు, “యుద్ధమువలన నైనను వైద్యము పెరిగినది కదా” యందురు. రెండవ ప్రపంచయుద్ధములో పసిఫికు ద్వీపములకు పోయిన అమెరికా సైనికులు వేలకొలది బోదకాలు పురుగు బారిన పడిరి. ఆ రోగమునకు మందు వెదకినవారిలో ముఖ్యుడు మన భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన యాధ్వర్యవమున డైఇథైల్‌కార్బమజైను 1947లో వెల్లడి యయ్యెను. నేతగాని చూరులో నున్నది ఆ మందే. అయినను దానికి యుద్ధమును కొనియాడ పనిలేదు. ఆ పురుగు యుద్ధమునకు ముందే మన తీరగ్రామములలో నుండెను. యుద్ధము చేసిన దొక్కటే: బలవంతులు దానివైపు కన్నెత్తి చూచునట్లు చేసెను. ఆ చూపు శాంతికాలమున బీదవానికి దక్కకుండుట మన దోషము.

ఇందు ఏలినవారి దోషమే గాక మన దోషమును కలదు. కాలు వాయనివాని రక్తములోను ఆ పురుగు పిల్లలు తిరుగుచుండవచ్చును. మురుగున బుట్టిన దోమ వానిని పీల్చి, కొన్ని దినములకు పొరుగువాని యొంటిలోనికి చేర్చును. కావున “నా కాళ్లు బాగున్నవి” అనుమాట సమాధానము కాదు. మందుకు తగనివారని వైద్యులు విడిచిన గర్భిణులు, పసిబిడ్డలు, తీవ్రరోగులు తక్క తక్కినవారు మ్రింగు మాత్ర తమకొఱకు మాత్రమే కాదు, వీథికొఱకు.

సిపాయి శిక్షకు వెఱచి మ్రింగును. అందు పుణ్య మెంత? వరుసలో నిలువబెట్టువాడు లేనిచోట, ఎవరును చూడనిచోట, పొరుగువాని బిడ్డకొఱకు మ్రింగుటయే ధర్మము. పాఠకులారా, మన యిండ్ల చూరులు ఒక్కమాఱు తడవి చూచుకొందము.