అమ్మ తినని లడ్డు

2008 డిసెంబర్ 13, శనివారం. ఆ పొద్దున మా ఆఫీసులో ఎవరో మిఠాయి డబ్బా తెచ్చి అందరికీ పంచారు. నేనొక లడ్డు అక్కడే తినేసి, ఇంకోటి అమ్మకని కాగితంలో చుట్టుకొని ఇంటికి తెచ్చాను.

అంతకు మూడు రోజుల ముందు, మా వరంగల్‌లో ఇంజినీరింగ్ చదువుతున్న ఇద్దరమ్మాయిల మీద యాసిడ్ పోశారు. ఆ మూడు రోజులూ మా ఇంట్లో ఎవరికీ అన్నం సహించలేదు. వాళ్లలో ఒకమ్మాయి ఆ నెలాఖరుకు కన్నుమూసింది. నిందితులు ముగ్గురినీ పోలీసులు పట్టుకున్నారు. ఆధారాల కోసం మామునూరు వైపు తీసుకెళ్తే ఎదురుతిరిగారని, కాల్పుల్లో చనిపోయారని ప్రకటించారు. ఊరంతా పండగ చేసుకుంది. మా ఆఫీసులో మిఠాయి అందుకే. విద్యార్థులు పూలదండలు పట్టుకొని పోలీసు అధికారుల దగ్గరికి వెళ్లారు.

అమ్మ కాగితం విప్పి చూసింది. "ఎందుకు బిడ్డా ఈ లడ్డు?" అని అడిగింది. చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "ఆ ఆడపిల్లల ఉసురు ఊకె పోదు. కోర్టుల ఉరి తియ్యమను, నేనేమన్న వద్దంటనా? గని, సావు మీద తీపి తినుడేంది?" అని కాగితం మళ్లీ అట్లాగే మడిచి నా చేతిలో పెట్టింది. మూడు రోజులుగా ఆ పిల్లల కోసం మా అందరికంటే ఎక్కువ ఏడ్చింది ఆమే.

ఆ లడ్డు ఏం చేశానో గుర్తు లేదు. ఆఫీసులో తిన్నది మాత్రం గుర్తుంది.

అప్పటి మా జిల్లా ఎస్పీ సజ్జనార్, 2019 నాటికి సైబరాబాద్ కమిషనర్. ఆ డిసెంబర్ 6 తెల్లవారుజామున షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో, 'దిశ' అత్యాచారం, హత్య కేసు నిందితులు నలుగురు అదే విధంగా చనిపోయారు. వంతెన మీద నుంచి జనం పోలీసుల మీద పూలు చల్లారు. నాగార్జున, జూనియర్ ఎన్టీఆర్ లాంటి పెద్ద హీరోలు న్యాయం జరిగిందని ట్విట్టర్‌లో రాశారు. సుప్రీంకోర్టు వేసిన జస్టిస్ సిర్పూర్కర్ కమిషన్ నివేదిక 2022 మేలో బయటికొచ్చింది. చంపాలన్న ఉద్దేశంతోనే కాల్చారని, నలుగురిలో ముగ్గురు మైనర్లని అందులో ఉంది. తొందరపడ్డామని ఆ తర్వాత అన్న సినిమా పెద్దను నేను చూడలేదు.

ఆ రెండు సంఘటనల మధ్య ఇంకోటి జరిగింది. 2015 ఏప్రిల్ 7న వరంగల్ సెంట్రల్ జైలు నుంచి ఐదుగురు విచారణ ఖైదీలను హైదరాబాద్ కోర్టుకు తీసుకెళ్తున్న వ్యానులో, ఆలేరు దగ్గర ఐదుగురినీ కాల్చి చంపారు. ఆయుధం లాక్కోబోయారని పోలీసులు చెప్పారు. పేపర్లలో వచ్చిన ఫోటోల్లో వాళ్లు సీట్ల మీదే ఒరిగి ఉన్నారు, చేతులకు బేడీలు. సరిగ్గా అదే రోజు శేషాచలం అడవిలో ఎర్రచందనం దొంగలంటూ 20 మందిని కాల్చేశారు, తమిళనాడు నుంచి వచ్చిన కూలీలను. ఒకే రోజు 25 శవాలు. న్యాయం అన్న మాట ఆ రోజు ఏ పెద్ద నటుడి నోటా వచ్చినట్టు నాకు గుర్తు లేదు.

ఆ నటుల ఇబ్బంది అర్థం కాక కాదు. కొత్త సినిమాకు టికెట్ రేటు పెంచాలన్నా, అదనపు ఆట వేయాలన్నా సర్కారు అనుమతి కావాలి. సినిమా వేడుకకు పోలీసు బందోబస్తు కావాలి. అభిమానుల్లో అన్ని పార్టీలవాళ్లూ ఉంటారు. నోరు మెదపకపోవడానికి అది చాలు. అయితే 2020లో మినియాపొలిస్‌లో జార్జ్ ఫ్లాయిడ్ మెడ మీద పోలీసు మోకాలు పెట్టి చంపినప్పుడు మన దేశపు సినిమావాళ్లు చాలామంది నల్లజాతివారికి మద్దతుగా పోస్టులు పెట్టారు. పెట్టాల్సిందే, తప్పేం లేదు. కానీ మినియాపొలిస్ పోలీసులు మన సినిమా బందోబస్తుకు రారు. అదే అమెరికాలో కాలిన్ కేపర్నిక్ అనే ఫుట్‌బాల్ ఆటగాడు, నల్లవాళ్ల మీద పోలీసుల జులుంకు నిరసనగా 2016లో జాతీయగీతం వేళ మోకాలి మీద కూర్చున్నాడు. ఆ సీజన్ దాటాక ఏ జట్టూ అతన్ని తీసుకోలేదు.

పేరున్నవాళ్లు మాట్లాడరని అనుకునేటప్పుడల్లా నాకు మా వరంగల్ కవి కాళోజీ గుర్తొస్తారు. ఎమర్జెన్సీలో, 1975 జూలైలో, మెదక్ జిల్లా గిరాయిపల్లి అడవిలో నలుగురు యువకులను పోలీసులు చంపారు. వాళ్లలో సూరపనేని జనార్దన్ మన వరంగల్ ఆర్‌ఈసీ (ఇప్పటి ఎన్ఐటీ) విద్యార్థి. ఎమర్జెన్సీ ఎత్తేశాక ఇలాంటి ఎన్‌కౌంటర్ల నిజం తేల్చడానికి వేసిన తార్కుండే కమిటీలో కాళోజీ ఒక సభ్యుడు. ముందే పట్టుకొని తర్వాత కాల్చారని ఆ కమిటీ తేల్చింది. అంతటితో ఆగలేదాయన. 1978లో ముఖ్యమంత్రి వెంగళరావు మీద సత్తుపల్లిలో పోటీకి నిలబడ్డారు. ఓడిపోయారు. ఓడిపోతానని ఆయనకు తెలియదంటే నేను నమ్మను. జనం నోళ్లలో ఉన్న కవి, తన పేరును ఓట్లు రాని పనికి ఖర్చు పెట్టారు. సెప్టెంబర్ 9న, ఆయన పుట్టినరోజున, విగ్రహానికి దండలేసి భాష గురించి మాట్లాడతాం. గిరాయిపల్లి గురించి ఒక్కరైనా మాట్లాడితే బాగుండునని ఏటా అనుకుంటాను.

మా వరంగల్‌లోనే అలా నిలబడ్డ ఇంకొకరు డాక్టర్ రామనాథం. ఆయన సినిమా హీరో కాదు, పిల్లల డాక్టర్. పౌరహక్కుల సంఘం ఉపాధ్యక్షుడు. ఆయన చేతి మందు తాగి పెరిగినవాళ్లు ఈ ఊళ్లో ఇప్పటికీ ఉన్నారు. 1985 సెప్టెంబర్ 3న, అంతకుముందు నక్సలైట్లు చంపిన ఎస్సై యాదగిరి రెడ్డి శవయాత్ర నాడు, రామనాథంను ఆయన దవాఖానలోనే కాల్చి చంపారు. ఆ ఎస్సైదీ ప్రాణమే. ఆ ఇంటి ఏడుపూ ఏడుపే. ఒక చావుకు బదులు ఇంకో చావు అన్న లెక్క ఎవరు మొదలుపెట్టినా, చివరికి పిల్లలకు మందు రాసే మనిషి గుమ్మం దాకా వచ్చింది.

వయసు మీద పడుతున్నకొద్దీ హీరోల మీద నా కోపం తగ్గింది. వాళ్లు ట్వీటు రాశారు, నేను లడ్డు తిన్నాను. ఆలేరు వార్త వచ్చిన సాయంత్రం నేనూ పేపరు మడిచి పక్కన పెట్టాను. నాకు ఏ సినిమా విడుదలా లేదు, పోయే అవకాశమూ లేదు. చచ్చినవాళ్లు మనవాళ్లు కారన్న ధీమా ఒక్కటే ఉంది. ఆ ధీమాతో ఎన్నాళ్లు బతికినా, దాన్ని మంచి బతుకు అనలేను.

ఆలేరు దగ్గర చనిపోయిన ఆ ఐదుగురు బయల్దేరిన వరంగల్ జైలు ఇప్పుడు లేదు. 2021లో ఖైదీలను వేరేచోట్లకు పంపి, కూల్చేసి, ఆ స్థలంలో పెద్ద ఆస్పత్రి కట్టడం మొదలుపెట్టారు. అమ్మ కూడా లేదు. ఇంకోసారి ఏ పొద్దునైనా అలాంటి మిఠాయి డబ్బా మీ ముందుకు వస్తే, తీసుకోకండి. ఎందుకని ఎవరైనా అడిగితే మా అమ్మ మాట చెప్పండి.