బూజు కడిగితే పాపం పోతుందా?



ఊరగాయ జాడీలో బూజు కనిపిస్తే ఇల్లాలు ముఖం చిట్లిస్తుంది. కాని ఆ బూజు జాతికే చెందిన ఆస్పర్జిల్లస్, రైజోపస్ అనే శిలీంధ్రాలు సీసం, కాడ్మియం, క్రోమియం వంటి విష లోహాలను నీటిలో నుండి లాగి తమ కణాల గోడలకు పట్టి ఉంచుకోగలవు. చచ్చిన బూజు కూడా ఈ పని చేస్తుంది. నిమ్మ ఉప్పు తయారీలో మిగిలే బూజు పిప్పిని సైతం ఇందుకు వాడవచ్చు. మనం పారవేసే దానిలోనే మన మురికిని కడిగే గుణాన్ని సృష్టికర్త ఉంచాడు.

ఈ సంగతి చెప్పగా ఒక యువకుడు, "అయితే ఫాదర్ గారూ, ఇక ఫ్యాక్టరీలను తప్పుపట్టడం దేనికి? వాళ్లు వదిలింది బూజు శుభ్రం చేస్తుంది గదా!" అన్నాడు. తేలిగ్గా తోసివేయదగిన ప్రశ్న కాదు.

మొదట ఒక నిజం గ్రహించాలి. లోహం కుళ్లదు, నశించదు. నీటిలోది బూజులోకి మారుతుంది, అంతే. ఆ బూజును ఆమ్లంతో కడిగి లోహాన్ని రాబట్టుకోవాలి, లేదా భద్రంగా పాతిపెట్టాలి. దిబ్బ మీద పారబోస్తే వానలకు తిరిగి వాగులో చేరుతుంది. పైగా పలు లోహాలు, లవణాలు కలగలిసిన ఫ్యాక్టరీ నీటిలో బూజు పని ప్రయోగశాలలో సాగినంత సులువుగా సాగదు.

హైదరాబాదు దగ్గరి పటాన్‌చెరు సంగతి చూడండి. అక్కడి పరిశ్రమల మురుగు నక్కవాగులో పడి మంజీరా వైపు సాగింది. 1990లో వ్యాజ్యం సుప్రీంకోర్టుకు ఎక్కింది. 1994లో ఉమ్మడి శుద్ధి కేంద్రం వచ్చింది. అయినా వివాదం తీరలేదు. 2017లో జాతీయ హరిత ట్రిబ్యునల్ తీర్పు చెప్పేదాకా నడిచింది. శుద్ధి యంత్రం వచ్చినంత మాత్రాన రైతు పోగొట్టుకున్న పొలం, బావి తిరిగి రావు గదా!

పాపసంకీర్తనంలో మనం నేర్చుకున్నది ఇదే. పశ్చాత్తాపం, పాపాలు ఒప్పుకోవడం, ప్రాయశ్చిత్తం - మూడూ కావాలి. ఒకరి సొత్తు అన్యాయంగా తీసుకున్నవాడు దానిని తిరిగి ఇవ్వనిదే రక్షణ లేదని పునీత తోమాసు అక్వినాస్ వాదించారు. జక్కయ్య కన్నీళ్లతో సరిపెట్టలేదు, నాలుగింతలు తిరిగి ఇస్తానన్నాడు. రేపు ఎలాగూ క్షమాపణ దొరుకుతుందని ఈరోజు పాపం చేసేవాడు క్షమాపణను ఎగతాళి చేస్తున్నాడు. శుద్ధి చేసే సాధనం ఉందని నీటిని చెడగొట్టేవాడూ అంతే.

కాబట్టి ఆ యువకునికి నా జవాబు ఇది: బూజును తప్పక వాడాలి, కాని అది ప్రాయశ్చిత్తానికి పనిముట్టు, పాపానికి లైసెన్సు కాదు. విషం గేటు దాటకముందే దానిని వాడాలి. ఖర్చు మురికి చేసినవాడే భరించాలి. జరిగిన నష్టం రైతుకు చెల్లించాలి.

వేలు ఫ్యాక్టరీల వైపే చూపితే చాలదు. మన పల్నాటిలో మిరప, పత్తి చేలకు మందు కొట్టి, స్ప్రేయరును సాగర్ కాలువలో కడిగేవారు మన విచారణల్లో లేరా? దిగువ ఊరివారు ఆ నీళ్లే తాగుతారు. ఆ కాలువ గట్టున మన కోసం ఏ బూజూ కాపలా కాయడం లేదు. ఈసారి పాపసంకీర్తనానికి ముందు చేసుకునే ఆత్మపరిశోధనలో ఆ డబ్బాను కూడా గుర్తు చేసుకుందాం.