పాత యంత్రము, క్రొత్త భాగము

ఒక వస్తువులో ఒక భాగము చెడినప్పుడు ఆ భాగమును మార్చవలెనా, వస్తువునే మార్చవలెనా అను ప్రశ్న చూచుటకు అంగడి ప్రశ్నవలె కన్పట్టును. విచారించిన కొలది అది ధర్మప్రశ్న యగును. బండిచక్రమును, నాగలి కఱ్ఱును, ఇంటి దూలమును మన పెద్దలు మార్చుకొనుచునే యుండిరి. అయినను బండి తాతనాటి బండియే యని చెప్పుకొనిరి. రథమనగా ఇరుసా, చక్రమా, నొగలా యని నాగసేన భిక్షువు మిలిందరాజు నడిగిన కథ చాలమంది యెరిగినదే. ఇప్పుడు మనకు కావలసినది రథముయొక్క తత్త్వము కాదు. ఇరుసు విరిగినప్పుడు ఎంత వెలగల ఇరుసు కొనుట న్యాయమన్నదే మన విచారము.

మేము చెప్పదలచిన ఇరుసు, కంప్యూటరులోని గ్రాఫిక్సు కార్డు. తెరపై అక్షరమును, బొమ్మను గీయు పని దానిది. బంగారుపేట తాలూకాలో, ఆంధ్ర తమిళ సరిహద్దులకు చేరువనున్న కామసముద్రమువంటి యూళ్లలో, ఇంట తెలుగును బడిలో కన్నడమును పలుకు మన కుటుంబములలో, పది పండ్రెండేండ్లనాటి కంప్యూటర్లు ఇంకను పనిచేయుచున్నవి. పిల్లల చదువు, దుకాణపు లెక్కలు, బడిలో తెలుగు నేర్వని మనుమనికి తాత తెరపై చూపు తెలుగక్షరములు, అన్నియు వానిమీదనే. ఒకనాడు తెరపై గీతలు పడును, రంగులు చెదరును, తుదకు తెర నల్లబడును. అంగడివాడు ఈ పాతదానికి వ్యయమెందుకు, క్రొత్తది కొనుడనును. ఇంటి పెద్ద, ప్రాణమున్నదానిని పారవేయుదుమా యనును. ఇద్దరి మాటలోను సగము సత్యము కలదు.

చనిపోయినదనుకొన్నది నిజముగా చనిపోయినదా యని చూచుట మొదటి ధర్మము. కార్డు అంచున వరుసగా నుండు బంగారు పూత పలుకులపై మకిలి పట్టినను తెర వెలుగదు. విద్యుత్తును ఆపి, కార్డును ఊడదీసి, బడిపిల్లల రబ్బరుతో ఆ పలుకులను మెల్లగా తుడిచి మరల బిగించినచో లేచి కూర్చున్న కార్డులు పెక్కు. దుమ్ముచే ఫ్యాను తిరుగకపోవుట, థర్మల్ పేస్టు ఎండిపోవుట కూడ మరణములు కావు.

అది నిజముగా పోయినను, క్రొత్తది కావలెనా? ఇంటెల్ కోర్ ప్రాసెసర్లలో చాలవాటికి బొమ్మ గీయు శక్తి లోపలనే కలదు. కార్డును తీసివేసి, మానిటరు తీగను మదర్‌బోర్డు వెనుకనున్న రంధ్రమునకు తగిలించినచో లెక్కలు, ఉత్తరములు, పాఠములు, సినిమాలు అన్నియు నడచును. ఎ.ఎం.డి. ఎఫ్.ఎక్స్. తెగవంటి కొన్నిటికి ఆ శక్తి లేదు. వానికి కార్డు తప్పదు. తక్కిన యిండ్లలో పైసా వ్యయము లేక పని జరుగుచుండగా కార్డు కొనుట అవసరమువలన కాదు, లేనిది లోటుగా తోచుటవలన. ఈ రెంటిని వేరుపరచుట కష్టమని మే మెరుగుదుము. ముఖ్యముగా ఇంట పదునైదేండ్ల కుఱ్ఱవాడుండి, వాని స్నేహితుని యింట పెద్ద ఆటల యంత్రముండినప్పుడు.

కొనవలసియే వచ్చినచో, క్రొత్త భాగము పాతవాని బలమునకు లోబడి యుండవలెను. మదర్‌బోర్డులోని స్లాటు 75 వాట్లకు మించి ఈయదు. పాత పెట్టెలోని ఎస్.ఎం.పి.ఎస్. చాలవరకు ఏండ్ల తరబడి అలసినదే. 2017లో వచ్చిన జి.టి. 1030 కార్డునకు 30 వాట్లు చాలును, 2016నాటి జి.టి.ఎక్స్. 1050 టిఐకి 75 వాట్లు కావలెను. పాత మానిటరుకు వి.జి.ఎ. తీగ మాత్రమే యుండి, కార్డునకు ఆ రంధ్రము లేనిచో వేరొక మార్పిడి సాధనము కొనవలెను. అన్నిటికన్న చవుకగా దొరకు జి.టి. 710కి ఆ రంధ్రము కలదు కాని, ఆ తరపు కార్డులకు 2021 తరువాత క్రొత్త డ్రైవర్లు వచ్చుట ఆగినది. భద్రతా సవరణలును 2024 సెప్టెంబరుతో ముగిసినవి. దానికంటె ఒక మెట్టు పైది కొనుటయే లాభము.

ఇచట ఒక చిక్కు కలదు. జి.టి. 1030 అను పేరుతోనే 2018లో మరియొక కార్డు వచ్చినది. మొదటిదాని జ్ఞాపకశక్తి జి.డి.డి.ఆర్. 5 జాతిది, సెకనుకు 48 గిగాబైట్లను కదలించును. రెండవదానిది డి.డి.ఆర్. 4, అది 17 గిగాబైట్లను కూడ దాటదు. పెట్టెమీద సన్నని యక్షరములలో సత్యము వ్రాసియే యున్నది గనుక అబద్ధమాడినట్లు కాదందురు. కొనువాడు చదువడని యెరిగియే వ్రాసిన సత్యము మాకు సత్యముగా తోచదు. బెంగుళూరు ఎస్.పి. రోడ్డుకు పోవువారు పేరును కాక ఆ సన్నని యక్షరములను చదివి కొనవలెను.

వాడిన కార్డుల మాట వేరు. ఈథీరియము అను అంకెల నాణెమును "త్రవ్వుటకు" లోకమంతట లక్షల కార్డులు రాత్రింబవళ్లు తిరిగినవి. ఆ త్రవ్వకము 2022 సెప్టెంబరు 15న నిలిచిపోగా వానిలో పెక్కు అంగళ్లకు చేరినవి. గనుల ప్రక్కన పుట్టి పెరిగిన మనకు ఈ మాట వినగానే నవ్వు వచ్చును. ఈ గనిలో రాయి లేదు, గొయ్యి లేదు, అలసట మాత్రము కలదు. అట్టి కార్డు పాపిష్ఠిది కాదు. కొన్ని చక్కగా పనిచేయును. అమ్మువాడు దాని చరిత్రను చెప్పి అమ్మినచో కొనవచ్చును. చెప్పక దాచిన వానివద్ద సగము వెలకైనను కొనరాదని మా యభిప్రాయము.

ఎంతవరకు వ్యయము చేయవచ్చును? నాలుగణాల కోడికి పండ్రెండణాల మసాలా పనికిరాదు. యంత్రమును నేడు అమ్మినచో వచ్చు వెలలో సగమునకు కార్డు వెల మించరాదని మేము తలంతుము. విండోస్ 10కి సాధారణ సంరక్షణ 2025 అక్టోబరు 14న ముగిసినది. క్రొత్త కార్డు వేసినను ఆ కొఱత తీరదు. లినక్సునకు మారుటకు ఇష్టపడనివారు దీనిని ముందుగనే ఆలోచింపవలెను.

అయితే లెక్క యొక్కటే చాలునా? 1880నాటికి మొదలైన ఆధునిక త్రవ్వకము 2001 ఫిబ్రవరి 28న భారత్ గోల్డ్ మైన్సు మూతతో ఆగినది. తీయు ఖర్చు బంగారపు వెలను మించినదన్న లెక్కలో తప్పు లేదు. కాని గనిపై బ్రదికిన కుటుంబములు ఆ లెక్కలో ఏ వరుసలోను చేరలేదు. నాటినుండి పొద్దుటి బండ్లలో బెంగుళూరికి పోయి పనిచేసి రాత్రికి తిరిగివచ్చువా రెందరో. ఒక కార్డు పోయినందుకు మంచి మానిటరును, మీటల పలకను, పెట్టెను కూడ పారవేయుమను లెక్కయు అట్టిదే. పారవేసినది ఎక్కడికో పోవలెను గదా. మన గనుల చుట్టు మూడు కోట్ల టన్నులకు మించిన సయనైడు దిబ్బలు నిలిచియున్నవి. గాలి వీచు దినములలో ఆ దుమ్ము ఇండ్లలో పడును. కార్డు అంచునున్న బంగారమును ఎచటనో ఆమ్లములో కరగించి తీయుచున్నవారి యూపిరితిత్తులు ఏమగునో వేరుగ చెప్పనక్కఱలేదు.

2023 ఏప్రిలు 1న అమలునకు వచ్చిన ఎలక్ట్రానిక్ వ్యర్థముల నియమములు, తయారుచేసినవారే రిజిస్టరైన పునర్వినియోగ సంస్థల ద్వారా ఈ వ్యర్థమునకు బాధ్యులని చెప్పుచున్నవి. పల్లెలోని వానికి ఆ సంస్థ దూరము. పాతసామాను కొనువాడు గుమ్మములోనే యుండును. మా యిండ్లలో కొన్నిటిలో చెడిన కార్డు పాతగుడ్డలో చుట్టబడి బీరువాపై నున్నది. దానిని ఎవరిచేతికి అప్పగింపవలెనో తేలువరకు అక్కడనే యుండనిత్తుము.