దోషం లేదని తెలిసేదెలా?

టెలిఫోనులో పలికిన మాట అవతలి చెవిని చేరేలోపు అంకెలుగా మారుతుంది. గొంతులోని హెచ్చుతగ్గులను సెకనుకు 8,000 సార్లు కొలిచి, ఒక్కో కొలతను ఎనిమిది బిట్లలో రాస్తారు. అంటే ఒక గొంతుకు సెకనుకు 64,000 బిట్లు. ముప్పై గొంతులను, మరో రెండు నిర్వహణ గడులను ఒకే వరుసలో కూర్చితే సెకనుకు 20,48,000 బిట్ల ప్రవాహమవుతుంది. తిరువళ్లూరు నుంచి తిరుత్తణికి నలభై కిలోమీటర్లకు పైబడిన దారిలో ఇలాంటి ప్రవాహం ఒకటి సాగుతోందనుకుందాం. పంపిన సున్న ఒకటిగానో, పంపిన ఒకటి సున్నగానో చేరితే అది బిట్ దోషం. చేరిన మొత్తం బిట్లలో చెడినవి ఎన్ని అన్నదే దోషాల రేటు. లెక్క సులువే, దాని వెనుక ఉన్న ప్రశ్న మాత్రం చాలా పాతది, చాలా లోతైనది. దోషం కనబడలేదంటే దోషం లేదనేనా? అందిన జ్ఞానం నిజమైనదేనని తెలిసేది దేనివల్ల?

భారతీయ దర్శనాల్లో దీనికి ప్రామాణ్య విచారమని పేరు. మీమాంసకుల మతంలో జ్ఞానం పుట్టుకతోనే ప్రమాణం. దానికి బాధకమైన, అంటే దాన్ని కాదనే, మరో జ్ఞానం కలిగినప్పుడు, లేదా అది పుట్టిన కారణంలోనే దోషం బయటపడినప్పుడు మాత్రమే దాన్ని తోసిపుచ్చాలి. ఇది స్వతఃప్రామాణ్యం. న్యాయ దర్శనం వారైన నైయాయికులు దీన్ని ఒప్పుకోరు. దూరాన కనబడింది నీళ్లేనని నిశ్చయం కావాలంటే వెళ్లి దాహం తీర్చుకోవాలి, పని నెరవేరడమే పరీక్ష అంటారు. ఇది పరతఃప్రామాణ్యం. 1888 సెప్టెంబరు 5న తిరుత్తణిలో తెలుగు కుటుంబంలో పుట్టిన సర్వేపల్లి రాధాకృష్ణన్, 1927లో వెలువడిన ‘ఇండియన్ ఫిలాసఫీ’ రెండో సంపుటంలో ఈ రెండు దర్శనాలనూ ఆధునిక పాఠకులకు వివరించారు.

బిట్ దోషాలను సాఫ్ట్‌వేర్‌తో కొలిచే పద్ధతులు కూడా ప్రధానంగా రెండు. మొదటిది న్యాయమార్గం. లైనులో సంభాషణలను ఆపి, ముందే తెలిసిన బిట్ల వరుసను పంపుతారు. పదిహేను గడుల రిజిస్టరు తీసుకుని, పద్నాలుగో గడి, పదిహేనో గడి ఒకేలా ఉంటే సున్న, వేరుగా ఉంటే ఒకటి మొదటి గడిలో చేర్చుతూ పోతే 32,767 బిట్ల వరుస పుడుతుంది. చూడటానికి అడ్డదిడ్డంగా ఉన్నా అందులో నియమం తప్పిన బిట్టు ఒక్కటీ ఉండదు. అవతలి సాఫ్ట్‌వేర్ అదే నియమంతో తన వరుసను తాను తయారుచేసుకుని, వచ్చినదాన్ని దానితో పోల్చి తేడాలు లెక్కిస్తుంది. నిజం ఏదో ముందే తెలుసు కాబట్టి ప్రతి పొరపాటూ బయటపడుతుంది. అయితే పరీక్ష జరిగినంతసేపూ ఆ లైను మీద ఎవరి మాటా సాగదు.

ఈ పద్ధతిలో ఒక చిక్కు ఉంది. వరుస ఒక్క బిట్టు పక్కకు జరిగితే, చెడిన బిట్టు ఒక్కటీ లేకపోయినా, 32,767లో 16,384 తప్పులుగా కనిపిస్తాయి. అక్కడ దోషం సందేశంలో లేదు, పోల్చే చోటులో ఉంది. అందుకే లెక్క మొదలుపెట్టే ముందు రెండు వరుసలూ కుదిరాయో లేదో చూడాలి.

ఇక్కడే మరో తాత్త్విక భేదం తేటపడుతుంది. ఆంధ్రుడైన అన్నంభట్టు ‘తర్కసంగ్రహం’లో యథార్థం కాని అనుభవాన్ని విభజిస్తూ సంశయాన్ని, విపర్యయాన్ని వేరు చేశాడు. చీకట్లో కనిపించేది మోడా, మనిషా అని ఊగిసలాడటం సంశయం. ముత్యపుచిప్పను వెండి అని గట్టిగా నమ్మడం విపర్యయం. విపర్యయంలో లాగా, పంపిన ప్రతి బిట్టూ తలకిందులై చేరితే దోషాల రేటు నూటికి నూరు. అయినా సందేశం పోలేదు, అన్నింటినీ తిరగేస్తే చాలు. రేటు నూటికి యాభై అయితే మాత్రం, సంశయంలో లాగా, ఏ బిట్టును నమ్మాలో, దేన్ని తిరగేయాలో తెలియదు, సందేశం పూర్తిగా పోయినట్టే. నిలకడగా ఉన్న పొరపాటును దిద్దవచ్చు. నిలకడ లేనిదాన్ని దిద్దే ఆధారమే ఉండదు.

రెండోది మీమాంసామార్గం. సంభాషణలు సాగుతుండగానే, ప్రతి 2,048 బిట్లకూ ఒక భాగహారం చేసి, నాలుగు బిట్ల శేషాన్ని ప్రవాహంలోనే కలిపి పంపుతారు. అవతల అదే భాగహారం మళ్లీ చేస్తారు. సెకనుకు వెయ్యి శేషాలు సరిచూస్తారు. పంపిన మాట ఏమిటో పరీక్షించేవారికి తెలియదు, తెలియనక్కర్లేదు. బాధకం కనబడనంతవరకు మాట ప్రమాణమే. అయితే నాలుగు బిట్ల శేషానికి పదహారు రూపాలే ఉంటాయి గనుక, బాగా చెదిరిన భాగాల్లో సుమారు పదహారింట ఒకటి శేషం కుదిరి తప్పించుకుపోతుంది.

సందేశంతోపాటు దాని కాపలానూ పంపే ఈ ఆలోచన వేదాధ్యయనంలో ఎప్పటినుంచో ఉంది. తిరువళ్లూరు వీరరాఘవస్వామి కోవెల వంటి శ్రీవైష్ణవ ఆలయాల్లో ఉత్సవమూర్తి వెనుక వేదపారాయణ గోష్ఠి నడుస్తుంది. గోష్ఠిలో ఒక గొంతు స్వరం తప్పితే పక్క గొంతులు వెంటనే పట్టుకుంటాయి. అంతకు ముందే, గురువు దగ్గర, క్రమ పాఠంలో పదాలు ఒకటి-రెండు, రెండు-మూడుగా, జట పాఠంలో ఒకటి-రెండు, రెండు-ఒకటి, ఒకటి-రెండుగా ముడిపడతాయి. ఘన పాఠంలో ఆ ముడి మూడు పదాలకు సాగుతుంది. ఒక పదం జారితే దాని పొరుగు పదాలే పట్టిస్తాయి.

ఇంత చేసినా దోషం లేదని చెప్పగలమా? లేమిని ఎలా తెలుసుకుంటామన్న ప్రశ్నకు దార్శనికులు యోగ్యానుపలబ్ధి అనే నియమం చెప్పారు. ఉంటే కనబడి తీరవలసిన వస్తువు కనబడనప్పుడే అది లేదనాలి. వెలుతురులో నేల మీద కుండ కనబడకపోతే కుండ లేదు. చీకట్లో కనబడకపోతే ఏమీ తేలదు. బిట్ల పరీక్షలో వెలుతురు అంటే పరీక్షించిన బిట్ల సంఖ్య. దోషాలు విడివిడిగా, యాదృచ్ఛికంగా వస్తాయనుకుంటే, 30 లక్షల బిట్లలో ఒక్కటీ చెడకపోయినప్పుడు రేటు పది లక్షలకు ఒకటి కంటే తక్కువని నూటికి 95 పాళ్ల నమ్మకంతో అనవచ్చు. ఒక గొంతు వేగంతో దీనికి 47 సెకన్లు చాలు. నూరు కోట్లకు ఒకటి కంటే తక్కువ అనాలంటే 300 కోట్ల బిట్లు కావాలి, ముప్పై గొంతుల ప్రవాహంలో సుమారు 24 నిమిషాలు. ఎంతసేపు చూసినా ‘సున్న’ అనే మాట రాదు, ‘ఇంతకంటే తక్కువ’ అనే మాటే వస్తుంది.

పైగా దోషాలు విడివిడిగా రావు. ఈశాన్య రుతుపవనాల వానలో రాగి తీగల అతుకుల్లోకి నీరు చేరినప్పుడు గుంపులుగా వస్తాయి. అందుకే అంతర్జాతీయ ప్రమాణాలు సగటుతో సరిపెట్టక, దోషం తగిలిన సెకన్లను వేరుగా లెక్కిస్తాయి. వెయ్యికి ఒకటి లేదా అంతకంటే ఎక్కువ బిట్లు చెడిన సెకను తీవ్ర దోషం గలది. అలాంటివి వరసగా పది వస్తే ఆ లైను అందుబాటులో లేనట్టే.

మిగిలిన ప్రశ్న ఒకటే. కొలిచే సాఫ్ట్‌వేర్ సరైనదని తెలిసేదెలా? కావాలని ఒక తప్పు బిట్టు పంపి, అది లెక్కకు వచ్చిందో లేదో చూస్తారు. ఆ పరీక్షకు మరో పరీక్ష, దానికి ఇంకొకటి అంటూ పోతే అనవస్థ. కుమారిల భట్టు ‘శ్లోకవార్తికం’లో దీనికి హద్దు పెట్టాడు: మూడు నాలుగు జ్ఞానాలకు మించి వెతకనక్కర్లేదు. కారణం లేని శంకకు అంతుండదు, కారణమున్న శంకను మాత్రం వదలకూడదు. కాబట్టి రెండు మార్గాలూ కావలసినవే. పరీక్షించి లైనును తెరవడం న్యాయం, తెరిచాక నమ్ముతూ బాధకం కోసం కనిపెట్టి ఉండడం మీమాంస. ప్రామాణ్యమంటే దోషరాహిత్యాన్ని చాటడం కాదు. దోషం ఉండి ఉంటే దొరికేంతగా వెతికి, ఎంత వెతికిందీ ఆ ఫలితంతోపాటే చెప్పడం.