పెంకు ఒలవవచ్చా?

గుడ్డులోంచి బయటికి రాలేక అవస్థ పడుతున్న కోడిపిల్లకి సాయం చేయడం మంచిదా, చెడ్డదా? వినడానికి చిన్న ప్రశ్నే. కాని ఇంక్యుబేటరు పెట్టుకున్న ప్రతివాడికీ ఇరవయ్యొకటో రోజున ఎదురయ్యేది ఇదే. దోహాలో కంప్యూటర్లతో పొట్టపోసుకుంటూ, సరదాకి డజను గుడ్లు పొదిగించే నాకూ తప్పలేదు.

మన ఊళ్ళల్లో ఈ ప్రశ్నకి అంతగా పని ఉండేది కాదు. గంపలో గడ్డి పరిచి, గుడ్లు పెట్టి, పొదుగుకొచ్చిన పెట్టని కూర్చోబెడితే మిగతాది అదే చూసుకునేది. యంత్రం వచ్చాక పెట్ట బాధ్యతంతా మన నెత్తిన పడింది. ఫ్యాను ఉన్న యంత్రమైతే 37.5 డిగ్రీల వేడి, మొదటి 18 రోజులూ దాదాపు 50 శాతం తేమ, రోజుకి కొన్నిసార్లు గుడ్లు తిప్పడం. చివరి మూడు రోజులూ తిప్పడం మానేసి, తేమ 65-70 శాతానికి పెంచడం.

తేడా వస్తే కారణం వెతకడం మా వృత్తిలో రోజూ ఉన్నదే. ఏడో రోజున చీకట్లో టార్చిలైటు మీద గుడ్డు పెట్టి చూస్తే సాలెగూడులా ఎర్రటి నరాలు కనిపించాలి. నెత్తుటి ఉంగరం కనిపిస్తే, లోపల ప్రాణం మొదలై ఆగిపోయిందన్నమాట. పిల్లలు గడువుకి ముందే వస్తే వేడి ఎక్కువైనట్టు, ఆలస్యమైతే తక్కువైనట్టు. ఇంతవరకూ చిక్కు లేదు.

చిక్కంతా ఆఖరి రోజుతోనే. పిల్ల ముందు గుడ్డులోని గాలిగదిలోకి ముక్కు దూర్చి ఊపిరి పీలుస్తుంది. తరవాత పెంకుకి కన్నం పెడుతుంది. ఆపైన గంటల తరబడి, ఒక్కోసారి దాదాపు రోజంతా, కదలకుండా ఉంటుంది. చూసేవాళ్ళకి చచ్చిపోతోందేమో అనిపిస్తుంది. నిజానికి పొరలోని నెత్తురు దాని ఒంట్లోకి, మిగిలిన పచ్చసొన కడుపులోకి చేరే సమయం అది. జాలిపడి అప్పుడు పెంకు ఒలిస్తే నెత్తురు కారి చావవచ్చు.

దీన్ని పట్టుకుని నీతులు చెప్పేవాళ్ళున్నారు. సీతాకోకచిలుక గూడు కత్తిరించిన మనిషి కథ మీకూ ఎవరో ఒకరు పంపే ఉంటారు: కష్టపడనివ్వండి, కష్టమే బలం అని. నాకు అందులో సగమే నిజం కనిపిస్తుంది. తేమ తగ్గితే లోపలి పొర ఎండి, పిల్ల ఒంటికి కాగితంలా అతుక్కుపోతుంది. ఇక అదెంత పెనుగులాడినా తిరగలేదు. ఆ కష్టం బలాన్నివ్వదు, చంపుతుంది. అది యంత్రం పెట్టినవాడు తెచ్చిన కష్టం. దాన్ని ప్రకృతి మీదకి నెట్టడం తప్పించుకోవడమే. అప్పుడు గోరువెచ్చటి నీళ్ళతో పొర తడిపి, కొంచెం కొంచెంగా పెంకు తీయాలి. నెత్తుటి నరం కనిపిస్తే వెంటనే ఆగాలి.

కాబట్టి సాయం చేయాలా వద్దా అన్నది రెండో ప్రశ్న. ఈ కష్టం ఎదుగుదలలో భాగమా, మనం పెట్టిన పెట్టెవల్ల వచ్చిందా అన్నది మొదటిది.

ఈ దేశంలో ఉంటూ ఆ ప్రశ్నని గుడ్ల దగ్గరే ఆపడం కుదరదు. కరీంనగర్, నిజామాబాదు వైపునుంచి వచ్చి ఎండలో పనిచేసేవాళ్ళ గురించి, "కష్టపడితేనే పైకొస్తారు" అని ఏసీ గదుల్లో కూర్చుని అనేస్తుంటాం. పొదిగే యంత్రాల్లో తేమ కొలవడానికి తడిగుడ్డ చుట్టిన థర్మామీటరు వాడే పద్ధతి ఉంది. ఆరుబయట పని గురించి ఖతార్ 2021లో తెచ్చిన నిబంధన వెనకా అలాంటి కొలతే ఉంది. జూన్ 1 నుంచి సెప్టెంబరు 15 దాకా ఉదయం 10 నుంచి మధ్యాహ్నం 3:30 వరకు ఎండలో పని చేయించకూడదు; వేడినీ తేమనీ కలిపి లెక్కించే సూచిక 32.1 డిగ్రీలు దాటితే ఏ వేళైనా ఆపాలి. పనిలోని కష్టం చేసేవాడిదే కావచ్చు. ఏ గాలిలో, ఏ వేళలో చేయించాలన్నది మాత్రం చేయించేవాడి బాధ్యత.

ఓపిక పట్టడం, పట్టించుకోకపోవడం దూరంనుంచి చూస్తే ఒకలాగే ఉంటాయి. రెండింటిలోనూ చేతులు కట్టుకునే ఉంటాం. కాకపోతే ఓపిక పట్టినవాడి కళ్ళు తేమ మీటరు మీద ఉంటాయి.