నొప్పి తగ్గుట స్వస్థతయేనా?

చదువవలసిన భాగములు: 2 రాజులు 20:1–7; లూకా 5:12–14



పిల్లలకు వచ్చు కడుపునొప్పులలో మనవారు 24 గంటల నొప్పి అని పిలుచునది యొకటి యున్నది. డాక్టర్లు దానిని అపెండిసైటిస్ అందురు. పెద్దప్రేగు మొదలున చిటికెన వ్రేలివలె వ్రేలాడు చిన్న తిత్తి వాచి చీము పట్టుటయే ఆ వ్యాధి. తరచుగా నొప్పి బొడ్డు చుట్టు పుట్టి, కొన్ని గంటలకు కుడివైపు పొత్తికడుపులోనికి దిగును. బిడ్డ అన్నము వద్దనును, వాంతి చేసికొనును, ఒళ్లు వెచ్చబడును, వంగి నడచును, గెంతుమనిన గెంతలేడు. అయిదేండ్లలోపు పసివాడైతే నొప్పి ఎక్కడనో చెప్పనైన చెప్పలేడు. అందుచేతనే చిన్నబిడ్డలలో తిత్తి పగిలిన తరువాత గాని సంగతి బయటపడకుండుట తరచు.

ఇందులో భయపడవలసిన సంగతి యొకటి కలదు. తిత్తి పగిలినప్పుడు కొందరు బిడ్డలకు నొప్పి హఠాత్తుగా తగ్గును. ఇంటివారు రాత్రంతయు మోకాళ్లూని ప్రార్థించిరనుకొనుడి. తెల్లవారుజామున బిడ్డ మూలుగు ఆగెను. దేవుడు ఆలకించెనని స్తోత్రము చెల్లింతురు, కీర్తన పాడుదురు. లోపలనో, చీము కడుపులో వ్యాపించుచున్నది. కొన్ని గంటలకు కడుపు బల్లవలె గట్టిపడి, జ్వరము మండును.

ఆ స్తోత్రము తప్పా? మేలు కలిగెనని తోచిన క్షణమున దేవుని స్తుతించుట తప్పని నేననను. అయితే లూకా సువార్తలోని కుష్ఠరోగిని చూడుడి. ప్రభువు ముట్టెను, రోగము విడిచెను. అయినను ప్రభువు వానిని యాజకునియొద్దకు పంపెను. లేవీయకాండము 13వ అధ్యాయము ప్రకారము మచ్చను పరీక్షించి తీర్పు చెప్పువాడు యాజకుడే. ప్రభువు స్వయముగా చేసిన స్వస్థతయే పరీక్షకు వెనుదీయలేదు. మన బిడ్డ బాగుపడెనని నిజముగా నమ్మిన యెడల, డాక్టరు ఆ కడుపు నొక్కి చూచుటకు మనమేల జంకవలెను?

కొందరు ఆసా రాజును చూపుదురు (2 దినవృత్తాంతములు 16:12). ఆయన తన పాదముల జబ్బులో వైద్యులనే నమ్ముకొని యెహోవాను విడిచెను. ఆ విడుచుటయే అక్కడి దోషము. హిజ్కియా సంగతి వేరు. ఆయన ఏడ్చి ప్రార్థింపగా, మూడవ దినమున స్వస్థతయు, 15 సంవత్సరముల ఆయుస్సును దేవుడు వాగ్దానము చేసెను. అంత వాగ్దానము చేతనుండగా యెషయా అంజూరపు ముద్ద తెప్పించి పుండుమీద వేయించెను. ఆ ముద్ద వేయించుకొన్నందున హిజ్కియా అవిశ్వాసి యాయెనని ఏ బోధకుడును చెప్పగా నేను వినలేదు.

మరియొక మాట. పెద్దవాడు తన రోగమునకు మందు వద్దనుకొనిన యెడల, ఆ లెక్క తానే దేవునికి చెప్పుకొనును. బిడ్డ అట్లు కోరుకొనలేదే! దేవాలయ శిఖరమునుండి దూకుమని సాతాను ప్రభువునే అడిగెను గాని, మరియొకని త్రోయుమని వాడును అడుగలేదు.

ఒక తల్లి నన్నడిగినది: "అయ్యగారూ, దేవుడిచ్చినదాన్ని కోసి పారేయడం పాపం కాదా అండీ?" ఈ ప్రశ్నను తేలికగా త్రోసివేయరాదు. దేవుడు బిడ్డనంతటిని ఇచ్చెను; ఆ తిత్తి బిడ్డలో చిన్న భాగము. అది లేకున్నను బిడ్డ తినును, పరుగెత్తును, ఎదుగును. ఒక అవయవము పోయినను దేహము నిలుచుట మేలని ప్రభువు పాపమును గూర్చి చెప్పినప్పుడు, శరీరమును గూర్చి అందరు ఒప్పుకొను సత్యమునే ఆధారము చేసికొనెను గదా.

1735లో లండను పట్టణమున క్లాడియస్ ఆమియాండ్ అను డాక్టరు 11 ఏండ్ల బాలునికి ఆపరేషను చేసి, గుండుసూది గ్రుచ్చుకొన్న అపెండిక్సును తీసివేసెను. అపెండిక్సును తీసిన ఆపరేషనులలో వ్రాతలోనున్న మొదటిది అదియే. విశ్వాసము నిమిత్తము ఫ్రాన్సు విడిచివచ్చిన ప్రొటెస్టంటు కుటుంబమువాడాయన. మత్తుమందు లేని దినములవి. ఆ బాలుడెంత కేకవేసెనో! అయినను బ్రదికెను. మన గుంటూరునకు 1883లో వచ్చిన డాక్టర్ అన్నా కూగ్లరమ్మగారును సువార్తను ఒకచోట, మందును ఒకచోట పెట్టలేదు. నేడు బిడ్డను నిద్రపుచ్చి, చిన్న గాట్లతోనే తిత్తి తీయుచున్నారు; కొందరికి మందులతో నయము చేయుటయు కలదు. ఎవరికేది తగునో డాక్టరు చెప్పవలెను.

కాబట్టి బిడ్డ ఇట్టి నొప్పితో మెలికలు తిరుగునప్పుడు ఆముదము పట్టకుడి, కడుపు తోమకుడి, కాపడము పెట్టకుడి, తినుటకేమియు ఇయ్యకుడి. 108కు ఫోను చేయుడి. సంఘపెద్దలు ఉపవాస ప్రార్థన ఇంటిలోనే జరుగవలెనని పట్టుపట్టరాదు. ఆసుపత్రి వరండాలో చాప పరచుకొనుడి. ఆపరేషనుకు ముందు బిడ్డకు అన్నము పెట్టరు గనుక బిడ్డయు మనతోకూడ ఉపవాసముండును.