యంత్రము పొరబడిన దోషి ఎవరు?



2020 జనవరిలో అమెరికాలోని డెట్రాయిట్ పోలీసులు రాబర్ట్ విలియమ్స్ అను నల్లజాతి వ్యక్తిని ఆయన ఇంటి ముందరనే, భార్య, ఇద్దరు చిన్న కుమార్తెలు చూచుచుండగా, బేడీలు వేసి తీసికొనిపోయిరి. 2018లో ఒక దుకాణములో జరిగిన చేతి గడియారముల దొంగతనము ఆయన మీద మోపబడినది. దుకాణపు కెమెరాలో పడిన మసక చిత్రమును కంప్యూటరుకు చూపగా, అది ఆయన పాత డ్రైవింగు లైసెన్సు ఫొటోను ఎంచి ఇచ్చినది. సుమారు 30 గంటలు నిర్బంధములో ఉంచిరి. విచారణలో ఆయన ఆ చిత్రమును తన ముఖము ప్రక్కన పెట్టి చూపించిరి. తరువాత కేసు కొట్టివేయబడినది. ఆ పిల్లలు చూచినది మాత్రము కొట్టివేయుటకు వీలు లేదు.

యంత్రమునకు పగ లేదు, మనస్సాక్షి లేదు, దానిని ఏమని నిందించెదము అని కొందరు అందురు. మేమును మొదట అట్లే తలంచితిమి. అయితే మన సంగతే చూడండి. తరతరములుగా పరాయి భాషా ప్రాంతములలో కాపురమున్నవారము. ఇంటిపేరు ముందు వ్రాయు మన అలవాటు తెలియని గుమాస్తా కార్డులో పేర్లను తారుమారు చేయును. అతనికి మన మీద ద్వేషము లేదు; అతని ఫారము మనలను ఎరుగక తయారైనది. అయినను ఆఫీసుల చుట్టు తిరుగవలసినది మనమే గదా! ద్వేషము లేనంత మాత్రమున అన్యాయము లేదని చెప్పజాలము.

ముఖములను గుర్తించు యంత్రము తనకు చూపిన ఫొటోల నుండియే నేర్చుకొనును. ఎవరి ఫొటోలు ఎక్కువ చూపితిరో వారిని బాగుగా ఎరుగును. జాయ్ బూలమ్విని అను నల్లజాతి విద్యార్థిని ముఖమును ఒక ప్రోగ్రాము అసలు కనిపెట్టలేదు. ఆమె తెల్లని ముసుగు తొడుగుకొనగానే కనిపెట్టెను. 2018లో ఆమెయు టిమ్నిట్ గెబ్రూయు కలిసి మూడు కంపెనీల ప్రోగ్రాములను పరీక్షించిరి. ముఖము చూచి స్త్రీయో పురుషుడో చెప్పవలెను. తెల్లని పురుషుల విషయములో తప్పులు నూటికి 0.8కి మించలేదు. నల్లని స్త్రీల విషయములో ఒక ప్రోగ్రాము నూటికి 34.7 తప్పులు చేసెను. మరుసటి సంవత్సరము అమెరికా ప్రభుత్వపు ప్రమాణముల సంస్థ జరిపిన పరీక్షలో, ఒకరిని మరియొకరిగా పొరబడుట ఆఫ్రికా, ఆసియా సంతతివారి విషయములో తెల్లవారికంటె 10 మొదలు 100 రెట్లు ఎక్కువగా ఉన్న ప్రోగ్రాములు కనబడెను. ఆసియా దేశములలో తయారైన కొన్నిటిలో మాత్రము ఆసియావారికిని తెల్లవారికిని అంత భేదము లేదు. అనగా లోపము చర్మములో లేదు, పెంపకములో ఉన్నది.

ఇక్కడ ఒక మాట చెప్పక తప్పదు. పెండ్లి సంబంధమునకు పంపు ఫొటోను కొంచెము తెల్లగా చేయుమని స్టూడియోవానిని అడుగని ఇండ్లు మన సంఘములలో ఎన్ని? వధువు కావలెనను ప్రకటనలో మంచి రంగు అని వ్రాయించినది మనము కామా? చామనచాయ పిల్లను చామనచాయగా చూడలేని కన్ను యంత్రమునకు ఎక్కడినుండి వచ్చెనని మనము ఆశ్చర్యపడుట వింతగనే ఉన్నది.

సరే, రేపు అన్ని రంగుల ఫొటోలు చూపి యంత్రమును సరిచేసిరి అనుకొందము. అన్యాయము తీరునా? విలియమ్స్ గారి కేసులో కంప్యూటరు చెప్పినది ఒక ఊహ మాత్రమే. ఆ ఊహను బట్టి ఆయన ఫొటోను మరికొన్ని ఫొటోల మధ్య ఉంచి, దొంగతనమును కన్నులార చూడక వీడియో మాత్రము చూచిన ఒకరికి చూపిరి. ఆ వ్యక్తి అదే ఫొటోను ఎంచగా అది సాక్ష్యమైనది. దాని మీద వారంటు పుట్టెను. ప్రతివారును తమకు ముందున్నవారు చూచియుందురని నమ్మిరి. చూచినవారు ఒక్కరును లేరు! యంత్రము ఎంత చక్కగా చూచినను ఈ గొలుసు ఇట్లే ఉండగలదు. నేరము మేము దానియందే కనుగొనుచున్నాము.

ఇది దూరదేశపు సంగతి మాత్రమే కాదు. తెలంగాణ పోలీసులు తమ ఫోనులలో ముఖములను పోల్చు ఏర్పాటును 2018లోనే ప్రారంభించిరి.

విలియమ్స్ గారు డెట్రాయిట్ నగరము మీద దావా వేసిరి. 2024లో రాజీ కుదిరినది. కంప్యూటరు చెప్పిన పోలికను మాత్రమే ఆధారము చేసికొని ఎవరిని అరెస్టు చేయమని పోలీసులు ఒప్పుకొనిరి. 2017 నుండి ఈ పద్ధతి ద్వారా వారంటు పొందిన కేసులన్నిటిని తిరిగి పరిశీలించుటకు కూడ ఒప్పుకొనిరి.